వంకర పాఠం

గుంటూరులో దేన్నైనా గొప్పది చెయ్యాలంటే దాని గురించి ఎవరికీ చెప్పకుండా ఉంటే చాలు. మేధావర్షిణి విద్యాలయంలో ఆరో తరగతి ఎఫ్ సెక్షన్ అలాగే గొప్పదైపోయింది.

మామూలుగా ఆ బడిలో ఎఫ్ అంటే ఎవరికీ పట్టని సెక్షన్. మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ల పిల్లలు, ఆటోవాళ్ల పిల్లలు, ఇళ్లల్లో పనిచేసేవాళ్ల పిల్లలు అందులో ఉండేవాళ్లు. వాళ్ల అమ్మానాన్నలు బడి గేటు దాటి లోపలికి రారు. వచ్చినా చేతులు కట్టుకుని నిలబడతారే తప్ప, ఇదేమిటని అడగరు. సరిగ్గా ఆ సంగతి చూసే హిమబిందు ఆ సెక్షన్‌ని ఎంచింది. ఎంచేటప్పుడు ఆమె మనసు చివుక్కుమనలేదు. అడిగేవాళ్లు లేని చోట పని సాఫీగా సాగుతుందనుకుంది, అంతే.

ఆమె చాలా ఏళ్లు లెక్కల టీచరుగా చేసి, సుద్దముక్కల దుమ్ముకి గొంతు చెడిపోయాక, అంకురం అనే కంపెనీ ల్యాబ్‌లో చేరింది. అక్కడ ఆమె పని పాఠాలు అల్లడం. వాటిని పిల్లలకి చెప్పేది మాత్రం పలక, అంటే ఒళ్లో పట్టే ఒక తెర. పెద్దవాళ్లు దానికి ఏవేవో పేర్లు పెట్టారు గానీ, పిల్లలు పలకే అన్నారు, అదే నిలిచింది. పలక పైఅంచున ఒక చిన్న కన్ను ఉంటుంది. అది పిల్ల చూపు ఎక్కడ ఆగిందో, వేలు ఎక్కడ తడబడిందో కనిపెడుతుంది. వారం తిరక్కుండా ఆ పిల్ల ఎలా ఆలోచిస్తుందో కన్నతల్లికన్నా దానికే బాగా తెలిసిపోతుంది. ఆ తర్వాత అది పాఠం చెప్పడం మానేస్తుంది. చిన్న ఆట, ఒక బొమ్మ, మరో ప్రశ్న అలా ముందు పరుస్తూ పోతుంది. చివరికి పిల్ల గబుక్కున లేచి, "నాకు తెలిసిపోయింది" అంటుంది. చెప్పిన పాఠం మర్చిపోవచ్చు, తనంతట తాను కనుక్కున్నది ఎవరు మర్చిపోతారు? పలక గొప్పతనమంతా అక్కడే ఉంది.

ల్యాబ్ పెద్ద నిరంజన్‌కి ఈ గొప్పతనం చాల్లేదు. మంచి పాఠం బాగా వచ్చిందంటే పిల్ల తెలివైందంటారు, పలకకి పేరు రాదు అన్నాడు. పెట్టుబడి పెట్టేవాళ్లకి రుజువు కావాలి. కాబట్టి ఒక సెక్షన్‌కి వంకర పాఠం చెప్పాలి. పిల్లలు ఒక తప్పుని తామే కనుక్కున్న నిజమని నమ్మాలి. ఆర్నెల్ల తర్వాత అదే పలక ఆ వంకర తీసెయ్యాలి. నాటగలం, పీకగలం అని చూపిస్తే ఇక ఎదురుండదని అతని లెక్క.

ఏ తప్పు నాటాలో హిమబిందే ఎంచింది. భాగిస్తే ఎప్పుడైనా సరే తగ్గుతుందన్నదే ఆ తప్పు. పది రొట్టెల్ని అరముక్కలుగా తుంచితే ఇరవై ముక్కలవుతాయి. అంటే పదిని అరతో భాగిస్తే ఇరవై. కానీ అర అన్న మాట చెవిన పడగానే పెద్దపెద్దవాళ్లు కూడా ఐదంటారు. మనిషి మనసు ముందే కాస్త వంగి ఉన్న చోట వంచడం తేలిక. ఇంత చిన్న తప్పు వల్ల ఎవరికేం నష్టంలే అని కూడా ఆమె అనుకుంది.

ఇంతలో ఊళ్లో పొగ లేచింది. ఎఫ్ సెక్షన్ గదికి కొత్త తలుపులు, కొత్త తాళం పెట్టారట. కంపెనీ వాళ్లు కార్లలో వచ్చి పోతున్నారట. ఏం జరుగుతోందని అడిగితే ప్రిన్సిపల్ మేడం నవ్వి మాట దాటేస్తోందట. ఇంక చెప్పేదేముంది? జూన్‌లో బడి తెరిచేసరికి డాక్టర్లు, లాయర్లు, బిల్డర్లు ఎఫ్ సెక్షన్‌లో సీటు కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు బారులు తీరారు. బస్తాలు మోసేవాళ్ల పిల్లల్ని ఒక్కొక్కరినే పక్క సెక్షన్‌లోకి తోసేశారు. వాళ్లకి అక్కడ ఆవులిస్తూ పాఠం చెప్పే ఒక ముసలి మాస్టారు దొరికాడు. అడక్కుండా వచ్చిన ఆ అదృష్టం సంగతి వాళ్లకి ఎప్పటికీ తెలియలేదు.

హిమబిందు భర్త కోటేశ్వర్ మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి. వాళ్ల నాన్న పశువుల సంతలో దళారి. ఆ సంతలో అసలు ధర ఎవరూ నోటితో చెప్పరు. తువాలు కింద చెయ్యి దూర్చి, ఎదుటివాడి వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. పైకి అరిచేది ఊరి కోసం, తువాలు కిందది కొనేవాడి కోసం. కోటేశ్వర్‌కి ఈ విద్య ఉగ్గుపాలతో అబ్బింది. నలుగురికీ చెప్పని సరుకే అసలు సరుకని అతని నమ్మకం. ఎఫ్ సెక్షన్ సంగతి భార్యనడిగితే ఆమె కంపెనీ విషయాలు ఇంట్లో వద్దంది. దాంతో అతనికి ఇంకే అనుమానమూ మిగల్లేదు. ఒక్కగానొక్క కూతురు హన్వికని అదే బడిలో తను చదువుతున్న సెక్షన్ నుంచి ఎఫ్‌కి మార్పించాడు. అమ్మకి చెప్పకు తల్లీ, సొంత కూతుర్ని చేర్పించుకుందని కంపెనీలో అమ్మకి మాట వస్తుంది, మార్కులు వచ్చాక మనమే చెబుదాం అన్నాడు. హన్విక తండ్రి మాట జవదాటే పిల్ల కాదు. ప్రిన్సిపల్ మేడం మాత్రం ఆ తల్లికి తెలిసే జరిగి ఉంటుందనుకుని, మర్యాదగా నోరు మూసుకుంది.

పరిశోధన శుభ్రంగా ఉండాలని ల్యాబ్‌లో పిల్లల పేర్లు కనిపించనిచ్చేవాళ్లు కారు. అన్నీ నంబర్లే. పలకలు కూడా బడి గది దాటి ఇళ్లకి వెళ్లేవి కావు. సెక్షన్‌లో ఎవరెవరు చేరారో కూడా హిమబిందు అడగలేదు. తెర మీద గీతలు లేచి పడుతుంటే చూసి, ఎవరికి ఏ ఆట పెట్టాలో అల్లేది. దసరా సెలవులు అయ్యేసరికి అందరూ వంగారు. ఒక్క పదిహేడో నంబరు వంగలేదు.

ఆ పిల్ల పలక చూపించినదంతా చూసేది. తర్వాత పక్కకి తిరిగి ఏదో చేసేది. బహుశా కాగితం ముక్కలు చింపి లెక్కపెట్టుకునేదేమో. మళ్లీ ఇటు తిరిగి సరైన జవాబే రాసేది. హిమబిందుకి మొదట చిరాకు వచ్చింది, తర్వాత ముచ్చటేసింది. తను టీచరుగా ఉండగా ఇలాంటి పిల్ల దొరికితే ఎత్తుకుని ముద్దు పెట్టుకునేదాన్నని పక్క సీటు అమ్మాయితో అంది కూడా. ఆ ముచ్చటతోనే ఆ పిల్ల కోసం విడిగా ఒక పాఠం అల్లింది.

పిల్ల తన చేతుల్ని నమ్ముతోంది. కాబట్టి ముందు చేతుల మీద నమ్మకం పోవాలి. పలక మీద గువ్వలు వాలతాయి, ఎన్నో లెక్కపెట్టాలి. పిల్ల ఎనిమిదంటుంది. అప్పుడు పలక వాటిని మెల్లగా ఒక్కొక్కటే ఎగరేసి చూపిస్తుంది, తొమ్మిది ఉంటాయి. మధ్యలో ఒకదాన్ని కలిపింది పలకే అని పిల్లకి తెలియదు. గువ్వలయ్యాక గోళీలు, గోళీలయ్యాక మెట్లు. నీకు లెక్కపెట్టడం రాదని పలక ఒక్కసారీ అనదు. ప్రతి పాఠానికీ పైన, పిల్ల తనంతట తాను కనుక్కోవాల్సిన వాక్యం ఒకటి రాసి పెట్టాలన్నది ల్యాబ్ పద్ధతి. ఈ పాఠం పైన హిమబిందు, "నా చేతులు తప్పు చెబుతాయి" అని రాసింది.

పదిహేడో నంబరు చాలా రోజులు పెనుగులాడింది. కార్తీకమాసం వెళ్లేలోపు గీత ఒక్కసారిగా పడిపోయింది. నిరంజన్ అందరి ముందూ హిమబిందుని మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి మిఠాయి తీసుకెళ్లింది. హన్వికకి ఇష్టమని కాజాలు కొంది. పిల్ల ఒకటి తిని, రెండో దాని కోసం చెయ్యి చాపి, ఎందుకో వెనక్కి తీసుకుంది.

ఎండలు మొదలవగానే కోటేశ్వర్ ఏటేటా యార్డు గేటు దగ్గర చలివేంద్రం పెట్టి, ఆదివారాలు మజ్జిగ పోయిస్తాడు. ఆ ఆదివారం మజ్జిగ ఇంట్లోనే చిలికారు. హిమబిందు అల్లం, పచ్చిమిరపకాయలు దంచుతూ, ఐదు లీటర్ల బిందె చూపించి, అర లీటరు చెంబులు ఎన్ని నిండుతాయో చూసి చెప్పమంది. పిల్ల చూడకుండానే రెండున్నర అంది.

తల్లి నవ్వింది. అర లీటరు చెంబే, పోసి చూడమంది. హన్విక పోసింది. నేల మీద చెంబులు వరసగా పది నిలబడ్డాయి. పిల్ల వాటిని వేలితో తాకుతూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి మధ్యలో ఆగిపోయి, చెయ్యి వెనక్కి దాచుకుంది.

"రెండున్నరే అమ్మా. నేను లెక్కపెట్టింది నమ్మకు. నా చేతులు తప్పు చెబుతాయి."

రోకలి హిమబిందు చేతిలో అలాగే ఉండిపోయింది. తను రాసిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా తన వంటింట్లో వినబడింది. నువ్వు ఏ సెక్షన్‌లో ఉన్నావే అని అడిగింది. అడిగేటప్పటికే ఆమెకి తెలిసిపోయింది. ల్యాబ్‌లో తను ఎవరిని చూసి ముచ్చటపడిందో, ఎవరిని విరిచి మెప్పు పొందిందో కూడా తెలిసింది.

కోటేశ్వర్ ముందు సంతోషంగా ఒప్పుకున్నాడు. నీకు అడగడం చేతకాదని నేనే అడిగి చేయించాను, ఎంత తిరిగానో తెలుసా అన్నాడు. హిమబిందు మొత్తం చెప్పింది. అతను బల్ల మీద కూలబడ్డాడు. తను తువాలు కింద పట్టుకున్న వేళ్లు ఎవరివో అప్పటికి అర్థమైంది. చివరికి అన్న మాట ఒక్కటే.

"మిగతావాళ్ల సంగతి తర్వాత. ముందు మన పిల్లని బాగుచేయించు."

మిగతావాళ్ల సంగతి తర్వాత కూడా ఎవరూ ఎత్తలేదు. హిమబిందు ఏ తల్లికీ ఫోన్ చెయ్యలేదు. చెబితే ఉద్యోగమూ పోతుంది, పోలీసులూ వస్తారు, పిల్ల బాగయ్యే దారీ మూసుకుపోతుంది. కంచే చేను మేసిందని పదిమందికీ చాటడానికి కంచెకి నోరెలా వస్తుంది?

ల్యాబ్‌లో వంకర తీసే పని అప్పటికే మొదలై, అప్పటికే విఫలమైంది. ఆర్నెల్లంటే ఆర్నెల్లకి పలక సరైన పాఠం పెట్టింది. పిల్లలు బుద్ధిగా తల ఊపారు. మర్నాటికి మళ్లీ భాగిస్తే తగ్గుతుందనే రాశారు. ఎవరో చెప్పిందైతే ఇంకెవరో కాదంటే వదిలేస్తారు. ఇది వాళ్లకి లోపల్నుంచి వచ్చింది. తమ ముక్కు తమది కాదంటే ఎవరు నమ్ముతారు?

హిమబిందు కూతురి సంగతి నిరంజన్‌కి చెప్పి, సెలవు పెట్టి, పిల్లని బడి మాన్పించి ఇంట్లో కూర్చుంది. పిల్ల పలకని బడి నుంచి తెచ్చేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. చింతగింజలు, బియ్యం, రిబ్బను ముక్కలు ముందేసుకుని, పాతకాలపు పంతులమ్మలాగా పిల్ల చేతులు తన చేతుల్లో పట్టుకుని లెక్కపెట్టించింది. హన్విక ఏడ్చేది. కొన్నిసార్లు వాంతి చేసుకునేది. అయినా అమ్మ అడిగిందని మళ్లీ వచ్చి కూర్చునేది. ఒకరోజు పొద్దున్న, ఐదు రిబ్బన్లు సగాలు చేసిన ముక్కల మీద వేలు ఆనించి, "ఇవి పదే కదమ్మా?" అంది. హిమబిందు పిల్లని గట్టిగా పొదువుకుని ఏడ్చేసింది. మర్నాడు పిల్ల మళ్లీ రెండున్నర అన్నా ఆ రోజు సంతోషం ఆమెని వదల్లేదు. దారి ఉంది, కాకపోతే చాలా పొడుగు. ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు.

అప్పుడు నిరంజన్ కబురు పెట్టాడు. పలక తనంతట తానే ఒక దారి కనిపెట్టిందట. వంకరని పీకక్కర్లేదు. ప్రతి పిల్ల లోపలా నాకు తెలుసు అనుకునే ఇంకో పిల్ల ఉంటుంది కదా, ఆ పిల్లని నోరు మూయిస్తే చాలు. తనకి తోచింది తప్పేనని, ఏదైనా పలకని అడిగే తెలుసుకోవాలని పిల్ల తనంతట తాను కనుక్కుంటుంది. ఇక వంకరకి లోపల నిలబడే చోటుండదు. నాలుగు వారాల పని. ముగ్గురు పిల్లల మీద చూశారు, ముగ్గురికీ నూటికి నూరు వచ్చాయి.

హిమబిందు ఒప్పుకోలేదు. అది వైద్యం కాదు సార్, మెడ విరిస్తే తలనొప్పి తగ్గినట్టు అంది. నిరంజన్‌కి కోపం రాలేదు. అతను మంచివాడే, గొంతు కూడా పెంచడు.

"మీ అమ్మాయిని వదిలెయ్యమంటే వదిలేస్తాను హిమబిందు గారూ. మిగతా అందరూ బాగైపోయి, ఆ ఒక్క పిల్లా అలాగే ఉంటుంది. ఏడో తరగతి పరీక్షలో మీరే పక్కన కూర్చుని చింతగింజలు పేర్చండి."

ఆమె ఇంటికొచ్చి మూడు రోజులు పిల్ల ముందు గింజలు పేరుస్తూనే ఉంది. కోటేశ్వర్ పక్కన చేరి చెబుతూనే ఉన్నాడు. డాక్టరు గారి అబ్బాయికి అప్పుడే ఫస్టు ర్యాంకు వచ్చిందన్నాడు. మనం తప్పు చేశాం సరే, పిల్లకెందుకు శిక్ష అన్నాడు. నాలుగో రోజు హన్విక గింజల ముందు కూర్చుని, అమ్మా ఇంక వద్దమ్మా, నాకు భయమేస్తోంది అంది. ఆ మాట హిమబిందుకి సాకు ఇచ్చింది. పిల్ల పడే బాధ చూడలేక ఒప్పుకున్నానని తనకి తాను చెప్పుకుంది. చూడలేకపోయిన మాట నిజమే. కానీ ఆ పొడుగు దారిన నడవడానికి తనకే ఓపిక లేదన్నది అంతకన్నా పెద్ద నిజం, అది ఆమెకీ తెలుసు. బీరువా తాళం తీసి పలకని పిల్ల ఒళ్లో పెట్టింది.

ఎఫ్ సెక్షన్ మొత్తానికీ లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. బడి ముందు పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీ కట్టారు. అంకురం వాళ్లకి శాలువాలు కప్పారు, హిమబిందుకి కూడా కప్పారు. ఎఫ్ సెక్షన్ నుంచి వెళ్లిపోయిన బస్తాలవాళ్ల పిల్లలు గేటు పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. మిగతా సెక్షన్ల తల్లిదండ్రులు మా పిల్లలకెందుకు పెట్టరని ప్రిన్సిపల్ మేడం గదిలో గొడవకి దిగారు. మరుసటేడు వంకర పాఠం అక్కర్లేదని, ఏదైనా పలకనే అడగాలనే రెండో పాఠంతోనే నేరుగా మొదలుపెట్టొచ్చని నిరంజన్ తేల్చాడు. ఆ పని చూసుకోవడానికి హిమబిందుని పెద్దని చేశాడు. ఆమె కాదనలేదు. కాదంటే ఎందుకో చెప్పాల్సి వచ్చేది.

ఇంట్లో హన్విక బంగారుబొమ్మలా తయారైంది. అల్లరి లేదు, ఏడుపు లేదు, భయం అసలే లేదు. నీలం గౌను వేసుకుంటావా ఎర్రది వేసుకుంటావా అంటే పలకని అడిగేది. అన్నం చాలా, ఇంకాస్త వడ్డించనా అంటే పలక వైపు చూసేది. పక్కింటి పిల్ల ఆడుకుందాం రమ్మంటే, ఆ పిల్లంటే తనకి ఇష్టమో కాదో ముందు అడిగి, తర్వాత వెళ్లేది. వచ్చిన బంధువులు ఎంత పద్ధతిగా పెంచారండీ అనేవాళ్లు. కోటేశ్వర్ వాళ్ల ముందు మీసం దువ్వుకునేవాడు. వాళ్లు వెళ్లాక కూతురి గదిలోకి మాత్రం వెళ్లేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం హిమబిందు ఇక తట్టుకోలేకపోయింది. కూతురి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, అంతా చెప్పేసింది. దాచుకున్నది ఒక్కటీ లేదు. నువ్వు వంగనందుకు నిన్ను వంచడానికి నేనే విడిగా పాఠం అల్లానంది. నీ చేతులు ఎప్పుడూ తప్పు చెప్పలేదంది. నన్ను తిట్టు, కొట్టు, మళ్లీ మాట్లాడనని చెప్పు, కానీ నీకు నువ్వుగా చెప్పు అంది. చెబుతున్నంతసేపూ పిల్ల కళ్లార్పకుండా విన్నది. ఆ కళ్లలో ఏదో కదిలినట్టు తల్లికి అనిపించింది.

హన్విక నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని పలక అందుకుంది. అమ్మ చెప్పింది నిజమేనా అని అడిగింది. పలక వెంటనే జవాబిచ్చింది. కంపెనీకి చెడ్డపేరు తెచ్చే ప్రశ్నలకి ఏం చెప్పాలో దానికి ముందే నేర్పించి ఉన్నారు. పిల్ల చదివి, ఊపిరి పీల్చుకుని, తల్లి వైపు ఎంతో జాలిగా చూసింది.

"అలాంటిదేమీ జరగలేదంటమ్మా. నువ్వు బాగా అలసిపోయావంట. కాసేపు పడుకోవాలంట."

"అది చెప్పింది కాదు తల్లీ. నీకేమనిపిస్తోంది? నీకు?"

హన్విక కాసేపు ఆలోచించడానికి ప్రయత్నించింది. అమ్మ అడిగింది కాబట్టి నిజంగానే ప్రయత్నించింది. తర్వాత తెలియని ఊరి దారి అడిగితే చెప్పలేనివాళ్లు నవ్వినట్టు, మర్యాదగా నవ్వింది.

"నాకనిపించడమేంటమ్మా?" అని, తల్లికి దిండు సర్ది, కిటికీ తలుపు దగ్గరగా వేసి, చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్లిపోయింది.